మొదటి బంతి

ఫినాయిల్ వాసన రాగానే జ్ఞానసుందరి చేతిలో పీచు ఆగిపోయింది.

కోటబొమ్మాళి స్టేషను రోడ్డులో ఉన్న ఆ కల్యాణమండపం వెనక, పొయ్యిల వరసకీ ప్రహరీ గోడకీ నడుమ ఒక గొయ్యి ఉంది. నిశ్చితార్థానికి వచ్చిన జనం తినగా మిగిలిన అన్నం, గంగాళం అడుగున సగందాకా ఉన్న సాంబారు ఇప్పుడే అందులో దిమ్మరించారు. అన్నం మీద ఇంకా ఆవిరి లేస్తోంది. వంటమేస్త్రి సోములు గోతి చుట్టూ తిరుగుతూ, తులసికోటకి నీళ్లు పోసేవాడంత శ్రద్ధగా, ఆ అన్నం మీద తెల్లటి ఫినాయిల్ నీళ్లు చల్లుతున్నాడు.

"అదేటి పని సోములూ?" అంది జ్ఞానసుందరి.

"గోడ దూకి ఒచ్చేస్తన్నారమ్మా. మొన్న ఎవులో ముసిల్ది గోతిలోకి దిగి కాలు మడతెట్టుకున్నాది. రేపు ఏటైనా అయితే ఎవులి మీదకొస్తాది? ఇలగ సల్లీస్తే వాసనకి ఒక్కలూ రారు."

"పంటకి పురుగుమందు కొడతారు. నువ్వు ఆకలికి కొడతన్నావు."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. అంట్లు తోముకునే మనిషి వంటమేస్త్రితో గట్టిగా మాట్లాడితే, మర్నాడు తోముకోడానికి అంట్లుండవు. కానీ గుండిగలో తల పెట్టి అన్న మాట గుండిగలోనే ఉంటుందా? ఖంగుమంటూ బయటికొచ్చింది. అప్పుడే వెనక గుమ్మంలోంచి మండపం యజమాని మురళీమోహన్ వచ్చాడు.

మురళీమోహన్ మంచివాడే. ఆ మంచితనం పదిమందికీ తెలిసిపోవాలన్న ఆత్రం ఒక్కటే ఆయనకున్న జబ్బు. గోతిలోకి తొంగి చూసి నిజంగానే ముక్కున వేలేసుకున్నాడు. వరి పండించే ఇంట్లో పుట్టినవాడు, నేల మీద పడ్డ మెతుకు తొక్కితే తల్లి చెవి మెలేసిన ఇల్లు. సోముల్ని నాలుగు కేకలేసి, ఫినాయిల్ డబ్బా తనే తీసి గోడవతల పారేశాడు.

"ఇకనించి ఒక్క మెతుకు ఈ గోతిలో పడకూడదు. మిగిలిందంతా మీ పేటకే తెస్తాను సుందరమ్మా. నువ్వు నిలబడి పంచాలి. సరేనా?"

జ్ఞానసుందరికి ఎంత సంతోషం వేసిందంటే, తడిచేతులతోనే దణ్ణం పెట్టేసింది. నాట్లు అయిపోయాయి. కోతలు ఇంకా ఎక్కడో ఉన్నాయి. ఈ నడుమ రోజుల్లో పేటలో ఏ ఇంటి ఎసరులో ఎన్ని గింజలు పడుతున్నాయో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

మర్నాటికల్లా మండపం గుమ్మానికి పెద్ద బ్యానర్ వేలాడింది. 'అన్నం పారేయకండి, ఆకలి తీర్చండి' అని దాని మీద రాశారు. అన్నం పళ్లెం బొమ్మ కంటే మురళీమోహన్ బొమ్మే కొంచెం పెద్దది.

శుక్రవారం ఒక గృహప్రవేశం వాళ్ల భోజనాలు మండపంలో అయ్యాక ఆటో పేటలోకి వచ్చింది. దాని నెత్తిన మైకు. "అన్నదాతా సుఖీభవ! మన మురళీమోహన్ గారి ఆధ్వర్యంలో ఆహార వృథాపై అవగాహన కార్యక్రమం! గిన్నెలు పట్టుకుని రావలసిందిగా కోరుచున్నాము!" అని అది బాప్టిస్టు చర్చి ముందు ఆగి అరిచింది. ఆడవాళ్లు గిన్నెలతో వచ్చారు. పిల్లలు అంతకు ముందే వచ్చారు. జ్ఞానసుందరి కొంగు నడుముకి చుట్టి గరిట పట్టుకుంది. ఫోను పట్టుకున్న కుర్రాడొకడు "అమ్మా, గిన్నె ఇంకాస్త పైకెత్తండి. మొహం కనబడాలి" అంటూ అటూ ఇటూ గెంతుతున్నాడు.

ఇంతలో వరస చివరింట్లోంచి ఎలీషా వచ్చాడు. ఆయన జ్ఞానసుందరి మావగారి తమ్ముడు, ఆమెకి చినమావ. జీవితమంతా తాపీపని చేసిన మనిషి. చర్చి గోడ ఆయన చేతిదే, ఆ కల్యాణమండపం గోడలూ ఆయన చేతివే. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఉతికిన పంచె, మెడదాకా గుండీలు పెట్టిన చొక్కా, నూనె రాసి దువ్విన మీసం. ఎప్పుడు చూసినా ఆదివారం ఆరాధనకి బయల్దేరిన మనిషిలాగే ఉంటాడు. చేతిలో గిన్నె లేదు.

"బాబూ," అన్నాడు మురళీమోహన్‌తో, "ఇది ఎన్నో బంతి కూడు?"

"బంతేంటి తాతా, అందరూ తినేశాక మిగిలింది. శుభ్రంగా ఉంది, చూడు."

"ఆ ఇంటోలు మమ్మల్ని పిలిసినారా?"

మురళీమోహన్ నవ్వబోయి, నవ్వాలో లేదో తెలీక ఆగాడు. "పిలవడమేంటి? మంచి అన్నం గోతిలో పోస్తుంటే చూడలేక తెచ్చాను."

"మా నాయన మీ తాతగారి కళ్లంకాడ కాపలా కూకునీవోడు బాబూ. మీ ఇంట్లో ఏ శుభం జరిగినా, బంతులన్నీ లెగిసినాక ఆకు పట్టీవోడు. నాను పక్కన నిలబడీవోడ్ని. ఆకు ఒంచి పట్టడం నాకు సేతకాక పులుసు కారిపోతే, నాయన నా సేతి మీద కొట్టినాడు. నాను పెద్దయినాక ఒకటే అనుకున్నాను. ఒకలు లెగిసినాక మిగిలింది తిననని." ఎలీషా గొంతు పెంచలేదు. "తినీవోల్ని ఒద్దననండి. పిల్లలు తింటారు, పెట్టండి. నాకొద్దు, అంతే."

అంతే అన్నాడు గానీ అంతటితో అయిపోలేదు. ముందున్న ఆడమనిషి చేతిలో గిన్నె మెల్లగా కిందికి దిగింది. దాని వెనకది, ఆ వెనకది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. పిల్లల్లో ఒకడు పులిహోర నోట్లో పెట్టుకోబోతుంటే వాళ్లమ్మ వాడి రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఆ గుంటడి చేతిలో ముద్ద దారిలోనే పడిపోయింది. జ్ఞానసుందరి గరిట పట్టుకుని అలాగే నిలబడింది. ఆటో వచ్చిన బరువుతోనే వెనక్కి తిరిగింది.

మురళీమోహన్ మొహం జేవురించింది. "పెడతానంటే తిట్టినట్టు చూస్తారేంటి సుందరమ్మా? బుధవారం మా అమ్మాయి పద్మకుమారి పెళ్లి. విలేకర్లని పిలిచాను. సాయంత్రం నాలుగింటికి ఇదే ఆటో వస్తుంది. ఆరోజు గనక ఇలా అయిందంటే నా పరువు పోతుంది. పేటని తీసుకురావడం నీ పూచీ."

ఆయన ఎక్కాక సోములు ఆటోలోంచి తల బయటపెట్టి చెప్పాల్సింది చెప్పాడు. "ఆయన మొహమాటానికి అనలేదు గానీ, నాను సెప్తన్నాను. జనం రాకపోతే అంట్లకి నరసన్నపేట నించి వేరేవోలు ఒస్తారు."

జ్ఞానసుందరి గరిట అక్కడే వదిలేసి ఎలీషా ఇంటి ముందుకు వెళ్లింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నీకొద్దంటే నీకొద్దు మావా. ఆడోల్ల సేతిలో గిన్నెలు ఎందుకు దింపించీసినావు? గుంటలు నోటికాడికి తెచ్చుకున్నది..."

"నానేటన్నాను? పెట్టమనే అన్నాను."

"నువ్వన్నాక ఎవులు తింటారు?"

ఎలీషా అరుగు మీంచి లేచాడు. మీసం మీద వేలు రాసుకుని లోపలికి వెళ్లిపోయాడు. పక్కింటి గుమ్మంలోంచి అంతా వింటున్న చిన్నతల్లి నోరు చేసుకుంది. "మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె."

"ఏటన్నావే?"

"ఏట్నేదు. ఊరికే అన్నాను" అంటూ చిన్నతల్లి తలుపేసుకుంది.

ఆ మాట ముల్లులా గుచ్చుకున్నా, మర్నాడు శనివారం అన్న ధ్యాసలో జ్ఞానసుందరి దాన్ని పట్టించుకోలేదు.

శనివారమంటే పిడికెడు బియ్యం రోజు. మిషను దొరల కాలం నాటి అలవాటది. బియ్యం కడిగే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఎసట్లో పడకముందే తియ్యాలి. "ఒండినాక అడుగూడ్సి తీసింది పిల్లికెడతారు గానీ దేవుడికెడతారేటి?" అని జ్ఞానసుందరి అత్త ఎప్పుడూ అంటుండేది. వారమంతా తీసింది శనివారం ఆమె బుట్టలోకి వస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో దాన్ని వేలం వేస్తారు. ఈమధ్య ఆ డబ్బు కొత్త సౌండు బాక్సులకి పోతోంది.

బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమె ఇల్లిల్లూ తిరిగింది. నిన్న గిన్నెలు దించేసిన ఆడవాళ్లే గుమ్మాల్లోకి వచ్చి బియ్యం పోశారు. కొన్ని పిడికిళ్లు చిన్నవైపోయాయి. ఎవరూ లేదనలేదు. చివరికి ఎలీషా ఇల్లు.

"మావా, బియ్యం."

"ఆఁ, ఒస్తన్నాను."

ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి తీసుకునేది. నిన్నటి మాటల తర్వాత అలా నిలబడ్డం బాగుండదని ఆరోజు లోపలికి వెళ్లింది. గోడ మేకుకి చిన్న గుడ్డసంచి తగిలించి ఉంది. ఎలీషా దాన్ని తీసి ముడి విప్పుతున్నాడు. ముడి రావడం లేదు. గోడల అంచులు దారం పట్టినట్టు తీర్చిన ఆ వేళ్లు గుడ్డముడి మీంచి జారిపోతున్నాయి. సాయం చెయ్యబోయి ఆమె ఎందుకో పొయ్యి వైపు చూసింది.

పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది.

వంట కాని ఇంటిని గురించి 'పొయ్యిలో పిల్లి లేవలేదు' అనడం అందరూ అంటారు. అది నిజంగా కళ్ల ముందు జరుగుతుందని జ్ఞానసుందరి ఏనాడూ అనుకోలేదు. పిల్లి హాయిగా ముడుచుకుని, బూడిదలో గుంట చేసుకుని పడుకుంది. బూడిద గడ్డకట్టి ఉంది. బియ్యం డబ్బా మూత తీసే ఉంది, లోపల ఏమీ లేదు. బోర్లించిన గిన్నె మీద సాలెపురుగు గూడు కట్టుకుంటోంది.

"మావా, ఏటి ఒండుకున్నావు?"

"కళింగపట్నం ఎల్లొచ్చాను కదే, సెల్లెలింటికి. నిన్న బాగా ఎట్టీసినాది. సేపలు. ఇంకా కడుపు బరువుగానే ఉన్నాది."

నిన్న సాయంత్రం ఆయన ఆటో ముందు ఉన్నాడు. ఆ సంగతి ఆయనా మర్చిపోలేదు, ఆమె కూడా మర్చిపోలేదు. చివరికి ముడి విడింది. సంచిలో బియ్యం ఆయన బుట్టలో పోశాడు. తెల్లగా, నాణ్యంగా, కొట్లో అమ్మే బియ్యం. పేటలో అందరూ తినేది రేషను బియ్యమే. ఆ బుట్టలో ఆయన బియ్యం విడిగా కనబడుతోంది.

జ్ఞానసుందరి తిన్నగా చిన్నతల్లి తలుపు తట్టింది. చిన్నతల్లి కాసేపు నసిగి, ఆఖరికి చెప్పేసింది.

"రేషను మిషిను ఆయన ఏలుముద్ర ఒప్పుకోదమ్మా. సిమెంటు సేతి ఏళ్లని తినీసింది కదా, నున్నగా అయిపోనాయి. పింఛనీ కూడా ఆ ఏలి మీదే ఆగిపోనాది. ఆపీసు సుట్టూ తిరిగినాడు. రేపు రా, ఎల్లుండి రా అన్నారు. తిరగడం మానీసినాడు. స్టేషనుకాడ టీ, బన్ను. అదీ ఉన్నరోజే."

"మరి ఈ బియ్యం?"

"శనోరం శనోరం కొట్లో పావుకేజీ కొంటాడు. నీ బుట్టలో ఎయ్యడానికి." చిన్నతల్లి కళ్లు తుడుచుకుంది. "నాతో ఒట్టేయించుకున్నాడు. నువ్వు నన్ను అడగనట్టే."

జ్ఞానసుందరికి నెత్తి మీది బుట్ట ఒక్కసారిగా మోయలేనంత అయింది. ఎన్ని శనివారాల్నించి ఆ గుమ్మంలో నిలబడి "మావా, బియ్యం" అని కేకేస్తోంది తను. ఫినాయిల్ చల్లిన సోముల్ని అంది. చల్లకుండానే ఒక మనిషి నోటి ముందునించి ఎత్తుకుపోయిన తన్ని ఎవరనాలి? చీకటి పడుతుండగా ఎలీషా దొడ్డివైపు వెళ్లడం చూసి, ఆ వారం పేటంతా పోసిన బియ్యంలో సగం ఒక సంచిలో కట్టి, ఆయన అరుగు మీద పెట్టి, చేట బోర్లించి వచ్చేసింది.

ఆదివారం కానుకల సమయంలో ఎలీషా ఆ సంచి భుజాన వేసుకుని చర్చిలోకి నడిచి వచ్చాడు.

మగవాళ్ల వరస పక్కనించి, ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చి, సంచి బల్ల మీద దించాడు. దించాక బల్ల అంచు పట్టుకుని కాస్త ఆగాడు. పాస్టరు రాబర్టు కొత్త మైకు దగ్గరకు లాక్కున్నాడు. కుర్రవాడు, మనసులో కల్మషం లేదు, అతనికేం తెలుసు?

"చూశారా ప్రియులారా! మన ఎలీషా తాతగారు ఒక్కరే ఈ వారం ఇంత బియ్యం ప్రభువుకి ఇచ్చారు. కలిగినవాళ్లం మనమెంత ఇస్తున్నాం? సిగ్గుపడాలి."

కొత్త సౌండు బాక్సుల్లో ఆ 'సిగ్గు' చర్చంతా మోగింది. జనం ఎలీషా వైపు గౌరవంగా చూశారు. జ్ఞానసుందరి పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. లేచి నిజం చెప్పేద్దామా అనుకుంది. చెబితే ఆ మనిషి మీసం దించేసినట్టే. పళ్ల బిగువున కూర్చుంది.

ఆరాధన అయ్యాక ప్రహరీ పక్కన పట్టుకుంది. "ఆకలని ఒక్క మాట సెప్పొచ్చు కదా మావా. నీ కోడల్ని కాదేటి?"

"దేవుడికి తీసింది నానెలగ తింటాను? మిగిలింది తిననన్నోడ్ని, ఇంకొకలికి తీసింది తింటానేటి?"

"పోనీ మా ఇంటికి రా. ఉన్నదాంట్లో..."

"నీ ఎసరెంతో నాకు తెల్దేటి? నీ మనవలు ఇద్దరు. ఆల నోటిముందుది నాకు పెడితే అరుగుతాదేటి నాకు?"

అయినా ఆమె పెట్టింది. ఆదివారం, సోమవారం, మంగళవారం పళ్లెం పట్టుకెళ్లింది. ఆయన మర్యాదకి రెండు ముద్దలు తిని, "సాలమ్మా, కడుపు నిండిపోనాది" అని తక్కింది ఆమె మనవడికి తినిపించేసేవాడు. మనవడు సంతోషంగా తినేవాడు. ఆయన చెంపలు లోపలికి పోతున్నాయి.

"ఎలగ పెడితే తింటావు మావా? అది సెప్పు" అంది మంగళవారం, ఏడుపు ఆపుకుని.

ఎలీషా చిన్నపిల్లాడిలా చెప్పాడు. "పిలిసి, ఆకేసి పెడితే తింటాను. అందరూ అలగే కదా తింటారు."

బుధవారం మండపం నిండా పెళ్లిజనం. వెనక పొయ్యిల మీద సోములు మనుషులు వంటలు దించేశారు. ముద్దపప్పు, ఆవపెట్టిన పనసకాయ కూర, దప్పళం, పులిహోర, బూరెలు, అన్నం గుండిగలు వరసగా తెల్లటి గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. ముహూర్తం పడకుండా విస్తరి వెయ్యకూడదని మురళీమోహన్ ఇంటి ఆనవాయితీ. అందుకని సోములు గుండిగల ముందు కుర్చీ వేసుకుని, కోటకి కాపలావాడిలా కూర్చున్నాడు. గేటు దగ్గర కొత్త బ్యానరు. ఆటో మైకుతో సహా సిద్ధంగా ఉంది.

జ్ఞానసుందరి ఖాళీ మూకుళ్లు తోముతోంది. చేతులు పని చేస్తున్నాయి గానీ ఆమె అక్కడ లేదు. వెనక గేటు దగ్గర చిన్నతల్లి కనబడేసరికి చేతిలో మూకుడు కింద పెట్టేసింది.

"మావ లెగడంనేదే. పిలిస్తే ఊఁ అంటన్నాడు, కళ్లు తెరవడంనేదు. పంచదార నీళ్లు పట్టినాను. నువ్వు బేగి రా."

జ్ఞానసుందరి లేచింది. సోములు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎక్కడికి? బంతి లెగిస్తే అంట్లు కొండలా పడతాయి. ఇప్పుడెల్లిపోతే మరి రానక్కర్నేదు."

అదే సమయానికి లోపలినించి ధనలక్ష్మి వచ్చింది, మురళీమోహన్ భార్య. పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, చేతిలో వెండిగిన్నెతో. "సోములూ, నైవేద్యానికి తియ్యి" అంది. సోములు చటుక్కున లేచి గుడ్డ తీశాడు. ధనలక్ష్మి తనే గరిట పుచ్చుకుని, ప్రతి గుండిగలోంచీ కొంచెం కొంచెం, ఎవరి చెయ్యీ తగలకముందు, గిన్నెలోకి తీసుకుంది.

జ్ఞానసుందరి ఆ గరిటనే చూస్తోంది. ఎసట్లో పడకముందు తీసిన పిడికెడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఎవరూ ఎలీషాకి తప్పు కూడు పెట్టలేదు. తప్పు వేళకి పెట్టారు. అంతే తేడా.

"అమ్మగారూ," అంది. "ఆ గరిటతోనే ఇంకొక్క మనిషికి తియ్యండి."

ధనలక్ష్మి ఆగింది.

"ఈ గోడలు కట్టినాయన. మా సినమావ. మొన్న ఆటోకాడ ఒద్దన్నాడు, ఆయనే. ఇప్పుడు లెగలేక పడున్నాడు. మిగిలింది తినడు. పిలిసి పెడితే తింటాడు. ముందు తీసింది మీ దేవుడు పుచ్చుకుంటాడు, మా దేవుడు పుచ్చుకుంటాడు. మనిషి కూడా అదే అడిగినాడమ్మా, ఇంకేటీ అడగనేదు."

"ముహూర్తం కాకుండానే?" అన్నాడు సోములు నోరు తెరిచి.

ఎవరో చెప్పినట్టున్నారు, మురళీమోహన్ కండువా సర్దుకుంటూ వచ్చాడు. విషయం విని విసుక్కున్నాడు. "ఇప్పుడా సుందరమ్మా? నాలుగింటికి ఆటో వస్తుందన్నాను కదా. అందరికీ పెడతాం. విలేకర్లు కూడా అప్పుడే..."

"నాలుగింటిదాకా ఆయన ఉంటాడో లేదో బాబూ."

మేళం వినిపిస్తోంది. లోపల్నించి పురోహితుడు కన్యాదాతని పిలుస్తున్నాడు.

ధనలక్ష్మి మొగుడి వైపు చూడలేదు. వెండిగిన్నె పక్కన పెట్టింది. "ఆ పెద్ద క్యారేజీ ఇలా ఇయ్యి సోములూ" అంది. అన్నం, పప్పు, కూర, దప్పళం, బూరెలు తనే వరసగా పెట్టింది. చారు వేరే గిన్నెలో పోసింది. లోపలికెళ్లి ఒక శుభలేఖ తెచ్చి, దాని నాలుగు మూలలా పసుపు రాసింది. విస్తళ్ల కట్టలోంచి అన్నిటికంటే పెద్ద అరిటాకు లాగింది.

"అమ్మాయి పెళ్లిరోజు ఒకరు తిని లేచాక మిగిలింది పంచితే పుణ్యమొస్తాదని నేనూ అనుకున్నాను. ఆలస్యంగా పిలిచినందుకు ఏమీ అనుకోవద్దన్నానని పెద్దాయనకి చెప్పు. ఎల్లు, చల్లారిపోతాది."

మురళీమోహన్ ఏదో అనబోయాడు. "కన్యాదాత!" అని లోపల్నించి మళ్లీ కేక వచ్చింది. ఆయన భార్య మొహం, క్యారేజీ, వెనక తన బ్యానరు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయాడు. సోములు దారి ఇచ్చాడు.

ఎలీషా గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. జ్ఞానసుందరి ఆయన తల ఎత్తి, వేడిచారు చెంచాతో కొంచెం కొంచెంగా తాగించింది. ఇంగువ వాసనకి కళ్లు తెరిచాడు. క్యారేజీ చూశాడు, వెంటనే పెదాలు బిగించాడు.

"ఎన్నో బంతిది?" అన్నాడు. మాట గాలిలా వచ్చింది.

"ఇంకా ఆకు పడనేదు మావా. ఇను."

స్టేషను రోడ్డు వైపునించి సన్నాయి వినబడుతోంది. తాపీగా, తొందర లేకుండా, ఇంకా ముహూర్తానికి టైముందన్నట్టు. ఎలీషా చాలాసేపు విన్నాడు. ఆయన ఎన్ని పెళ్లిళ్ల గోడలవతల నిలబడి ఎన్ని గట్టిమేళాలు విని ఉంటాడు! గట్టిమేళం అవకపోతే బంతి కూర్చోదని ఆయనకి తెలుసు.

ఆమె శుభలేఖ ఆయన చేతిలో పెట్టింది. కళ్లజోడు లేకుండా ఆయన చదవలేడు. అరిగిపోయిన బొటనవేలితో పసుపు మూల తడిమాడు. ఆ వేలికి పసుపు అంటుకుంది.

"ధనలక్ష్మమ్మ పంపినాది. ఆలస్యంగా పిలిసినందుకు ఏటనుకోవద్దన్నాది."

ఎలీషా గోడ పట్టుకుని లేచి కూర్చున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. మీసం సర్దుకున్నాడు. ఆమె ఆకు పరిచి, నీళ్లు చల్లి, అన్నీ వడ్డించింది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత ఆకు వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. జ్ఞానసుందరికి భయం వేసింది.

"ఇంకేటి మావా?"

"నువ్వు తిన్నావేటి?"

"నాను తరవాత తింటానులే."

"ఒక్కడు కూకుంటే బంతి అనరే. కూకో."

పెళ్లయి ఆ ఇంటికొచ్చింది మొదలు జ్ఞానసుందరి మావల ముందు కూర్చుని తిన్నది లేదు. కాసేపు తటపటాయించింది. తర్వాత ఆకు కొస చింపి తన ముందు వేసుకుని, ఆయన ఎదురుగా కూర్చుంది. అప్పుడు ఎలీషా పప్పూ అన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా నమిలాడు.

గట్టిమేళం మోగింది. డోళ్లు ఒక్కసారిగా ఉరిమినట్టు మోగేసరికి పొయ్యిలో పిల్లి ఉలిక్కిపడి లేచి, బూడిద దులుపుకుని బయటికొచ్చింది. ఎలీషా నోట్లో ముద్ద ఉంది. అక్కడ పెళ్లికొడుకు ఇంకా తాళి ముడి వేస్తూ ఉంటాడు. ఎలీషా కళ్లలోంచి నీళ్లు కారి మీసంలోకి దిగాయి. ఆయన తుడుచుకోలేదు, తినడం ఆపనూ లేదు.

కొంతసేపటికి, "నాలుగింటికి ఆటో ఒస్తాదా?" అని అడిగాడు.

"ఒస్తాదేమో."

"మైకుతోనేనా?"

"తెల్దు మావా."

ఎలీషా తల ఊపాడు. క్యారేజీ తన వైపు లాక్కుని, ఒక బూరె తీసి ఆమె ఆకు ముక్కలో వేశాడు.

"తిను. సల్లారిపోతాది" అన్నాడు.